గుడ్డ నానబెట్టనిది నేనే

ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం దాకా పాసింజరు బండిలో రోజూ వెళ్ళొచ్చే సీజన్ టికెట్ బ్యాచ్ మాది. ఇప్పుడు అందులో సగం మంది రిటైరయ్యారు. అయినా ఎక్కడ నలుగురం కలిసినా ఒక కథ బయటికొస్తుంది. స్వైన్ ఫ్లూ వచ్చిన ఏడాది మా ఆవిడ కుట్టిన మాస్కులు, వాటి రంగు మా అందరి మూతులకీ అంటుకున్న వైనం. వినేవాళ్ళు కడుపు పట్టుకుని నవ్వుతారు. నేనూ నవ్వుతాను. కథ చివర ఎప్పుడూ ఒకే మాట ఉంటుంది: "పాపం, ఆవిడ గుడ్డ నానబెట్టడం మరిచిపోయింది." ఆ మాట దగ్గర కూడా నేను నవ్వు ఆపను. ఆపితే ఎందుకని అడుగుతారేమోనని.

ఆవిడ మరిచిపోలేదు. ఆ సంగతి ఇన్నేళ్ళూ నాకు తెలుసు. ఇప్పుడు రాసి పెడుతున్నాను.

ముందు నా భయం గురించి చెప్పాలి. 2009 ఆగస్టులో టీవీ పెడితే చాలు, పూణే, ఆస్పత్రులు, మాస్కులు. పూణే నాకు భీమడోలంత దగ్గరగా అనిపించేది. ఏలూరులో మందుల షాపులన్నీ తిరిగాను, మాస్కు దొరకలేదు. రెండు జేబురుమాళ్ళు కలిపి మూతికి కట్టుకుని బండెక్కాను.

బ్యాచ్‌లో అందరం బాబాయ్ అని పిలిచే ఒకాయన ఉండేవారు. సహకార సంఘంలో ఉద్యోగం. నన్ను చూడగానే రెండు చేతులూ పైకెత్తారు.

"నా దగ్గరేం లేదండీ బాబూ, ఈ వాచీ ఒక్కటే. తీసుకుని వదిలేయండి."

పెట్టె అంతా నవ్వింది. నాకు మాత్రం వాళ్ళు నోళ్ళు అంతలా తెరిచి నవ్వడమే ప్రమాదంగా కనబడింది.

మా బ్యాచ్‌కి ఒక అలవాటుండేది. బండి దెందులూరు దాటగానే బెర్తు మీద పేపరు పరిచి అందరి టిఫిన్ బాక్సులూ తెరిచేవాళ్ళం. ఎవరి బాక్సులో ఎవరి చెయ్యి ఉందో తెలిసేది కాదు. వట్లూరు నుంచి వచ్చే టీచర్ గారు తెచ్చే పులిహోర కైకరం వచ్చేసరికే అయిపోయేది. ఆ నెలలో నేను నా బాక్సు ఒళ్ళో పెట్టుకుని, కిటికీ వైపు తిరిగి, ముద్ద ముద్దకీ రుమాలు ఎత్తి తినేవాణ్ణి.

"ఆయన తినట్లేదండీ, దాచుకుంటున్నాడు," అనేవారు బాబాయ్.

టీచర్ గారు మాత్రం నవ్వేవారు కాదు. "భయం అందరికీ ఉంటుంది. ఆయనది రుమాలు వల్ల బయటపడింది, మనది బయటపడలేదు, అంతే," అనేవారు. ఆవిడా మేమూ ఒకే చర్చికి వెళ్ళేవాళ్ళం. వాళ్ళ అమ్మాయికి కలిదిండి దగ్గర చేపల చెరువులున్న కుటుంబంలో సంబంధం కుదిరింది. పెళ్ళి జాకెట్లు పదకొండు కుట్టే పని మా ఆవిడకి ఇచ్చారు. అప్పటిదాకా మా ఆవిడ ఇరుగుపొరుగు వాళ్ళ చిన్నాచితకా పనులు చేసేది. ఈ పెళ్ళి బట్టలు బాగా కుదిరితే వట్లూరు కాలేజీల వైపు నుంచి కూడా పని వస్తుందని, వీధి గుమ్మానికి బోర్డు పెట్టుకోవచ్చని ఆశపడింది. బోర్డు మీద ఏ రంగు అక్షరాలుండాలో కూడా అనుకుని ఉంచుకుంది.

పెళ్ళికొడుకు నాయనమ్మ ఎక్కువదూరం కదలలేని మనిషి. అందుకని ప్రధానం వాళ్ళ ఊరి చర్చిలోనే పెట్టుకున్నారు. ఆదివారం మధ్యాహ్నం మా బ్యాచ్‌తో సహా అందరం ఒక వ్యాన్‌లో వెళ్ళాలి. ఇరవై మంది, కిటికీలు సరిగ్గా తెరుచుకోని వ్యాను. ఆ మాట విన్న దగ్గర్నుంచీ నాకు అన్నం సయించలేదు.

"నేను రానులే, నువ్వెళ్ళు," అన్నాను మా ఆవిడతో.

"బాగుంటుందండీ, వాళ్ళు ఏమనుకుంటారు? మాస్కులుంటే వస్తారా?"

"అందరికీ ఉంటే వస్తాను."

"అయితే అందరికీ కుడతాను."

బీరువా కింద జాకెట్ల లైనింగు గుడ్డ కట్టలు కట్టలుగా ఉంది. టీచర్ గారికి ఫోన్ చేసి ఎవరెవరు ఏ రంగు చీర కట్టుకుంటున్నారో కనుక్కుంది. మాస్కు చీరకి మ్యాచింగ్ ఉండాలిట! మగవాళ్ళందరికీ ముదురు ఎరుపు. ఆ గురువారం ఉంగుటూరులో వాళ్ళమ్మకి ఒంట్లో బాగాలేదని కబురొచ్చింది. వెళ్తూ వెళ్తూ నాకు పని అప్పజెప్పింది.

"ఈ గుడ్డలన్నీ ఉప్పు నీళ్ళల్లో నానబెట్టండి. ఏ రంగుకారంగు విడిగా. గంజి పోయేదాకా రెండుసార్లు నీళ్ళు మార్చండి. లేకపోతే రంగు దిగుద్ది. తాడు మీద ఆరేయండి. నేను శనివారం పొద్దున వచ్చి కుట్టేస్తాను."

అంతే పని. బకెట్లున్నాయి, ఉప్పుంది, నీళ్ళున్నాయి. కానీ బట్టలారేసే తాడు మాకూ పక్కవాటావాళ్ళకీ ఉమ్మడిది. పక్కవాటా పెద్దాయన ఆ వారమంతా దగ్గుతున్నారు. ఆ తాడు పక్కనే కుర్చీ వేసుకుని దగ్గుతున్నారు. తడిగుడ్డ అక్కడ ఆరేస్తే ఆయన దగ్గంతా దానికి పట్టుకుంటుందని, అదే గుడ్డ తెచ్చి ఇరవై మంది ముక్కులకి కట్టబోతున్నామని నాకు తోచింది. ఇంట్లో ఆరేస్తే వానాకాలం, ఆరదు. రెండు రోజులు ఆలోచించాను. చివరికి పొడిగుడ్డనే ఇస్త్రీ పెట్టె బాగా వేడెక్కించి ఇటూ అటూ రుద్దాను. వేడికి క్రిములు చస్తాయి కదా అనుకున్నాను. చక్కగా మడతలు పెట్టి మిషను మీద ఉంచాను. ఆ రోజు నేను ఎంతో తెలివైన పని చేశాననే అనుకున్నాను.

శనివారం పొద్దున ఆమె వచ్చి గుడ్డ చేతిలోకి తీసుకుంది.

"నానబెట్టారా?"

"ఆఁ."

"ఇంత గట్టిగా ఉందేంటండీ?"

"ఇస్త్రీ కూడా చేశాను. క్రిములు పోతాయని."

నా మొహం వైపు ఒకసారి చూసింది. ఇంకేమీ అడగలేదు. మిషను దగ్గర కూర్చుంది. సాయంత్రం దీపాలు పెట్టే వేళకి రంగురంగుల మాస్కులు వరసగా మంచం మీద ఉన్నాయి.

ఆదివారం వ్యాన్‌లో మేం బయల్దేరిన వైభవం ఇప్పటికీ కళ్ళకి కడుతుంది. టీచర్ గారికి వంకాయ రంగు చీర, వంకాయ రంగు మాస్కు. పెళ్ళికూతురికి రాణీ రంగు. చిలకాకుపచ్చవాళ్ళు, నెమలికంఠంవాళ్ళు. మగాళ్ళం ఎర్రమూతులవాళ్ళం. కొల్లేరు మీదుగా వెళ్తుంటే రెండు పక్కలా నీళ్ళు, నీళ్ళల్లో కొంగలు.

"మనల్ని చూసి అవి ఎగిరిపోవట్లేదేంటండీ?" అన్నారు బాబాయ్. "తమ చుట్టాలే అనుకుంటున్నాయి."

ఆ రోజు నేనూ పాడాను. చర్చి పాటలు, తర్వాత మామూలు పాటలు, మాస్కుల్లోంచి గొంతులన్నీ కుండలోంచి వచ్చినట్టు వచ్చేవి. నెల రోజుల తర్వాత నాకు భయం వేయని మొదటి గంట అది. నా చుట్టూ ఇరవై మూతులూ కప్పి ఉన్నాయి మరి.

ఊరు ఇంకా అర కిలోమీటరు ఉందనగా వాన పట్టుకుంది. చెరువు గట్టు మీది దారి బురదైపోయి వ్యాన్ ఇక కదలనంది. చీరలు ఎత్తిపట్టుకుని, చెప్పులు చేతుల్లో పెట్టుకుని, నవ్వుకుంటూ, జారుతూ నడిచాం. చర్చి వరండాలో మగపెళ్ళివారు మజ్జిగ గ్లాసులతో నిలబడి ఉన్నారు. మజ్జిగ తాగాలంటే మాస్కులు తీయాలి. అందరం ఒక్కసారే తీశాం.

మగపెళ్ళివారు గ్లాసులు అందించడం మానేసి మా మూతుల వంక చూశారు. కుర్చీలో కూర్చున్న నాయనమ్మ కళ్ళజోడు సర్దుకుని అడిగింది:

"ఏమ్మా, దారిలో అందరూ కిళ్ళీలేసుకొచ్చారా?"

చూసుకున్నాం. టీచర్ గారి ముక్కు దగ్గర్నుంచి గడ్డం దాకా వంకాయ. బాబాయ్‌కి నిండుగా ఎర్రమీసం, ఎర్రగడ్డం. ఆకుపచ్చ మూతి ఒకావిడని చూపించి నాయనమ్మ మళ్ళీ అంది: "ఎర్రది సరే, ఆ పచ్చ కిళ్ళీ ఏ ఊళ్ళో అమ్ముతారమ్మా?"

అక్కడితో కట్ట తెగింది. మగపెళ్ళివారు స్తంభాలు పట్టుకుని నవ్వారు. బోరింగు దగ్గర సబ్బు పెట్టి రుద్దితే రంగు పోకపోగా చెవుల దాకా పాకింది. పాస్టర్ గారు బైబిలు అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు, పుస్తకం ఊగుతోంది. పెళ్ళికూతురు రాణీ రంగు మూతిని చేత్తో మూసుకుని ఏడవబోయింది. అప్పుడు ఆ కుర్రాడు వచ్చాడు, పెళ్ళికొడుకు. ఆమె చేతిలోంచి తడిమాస్కు తీసుకుని తన మూతికి రుద్దుకున్నాడు.

"ఇప్పుడు సరిపోయిందా అండీ?" అన్నాడు.

ఆ పిల్ల ఏడుపు మానేసి పకపకా నవ్వింది. వాళ్ళ ప్రధానం ఫోటోల్లో ఇద్దరి మూతులూ రాణీ రంగే. అంత సంతోషంగా జరిగిన ప్రధానం నేను మళ్ళీ చూడలేదు.

కానీ బోరింగు దగ్గర ఇంకొకటి కూడా జరిగింది. అది కథలో ఎవరూ చెప్పరు. టీచర్ గారు పెళ్ళికూతురి తల్లి. కొత్త చుట్టాల ముందు వంకాయ మూతితో నిలబడాల్సి వచ్చిన మనిషి. సబ్బు కింద పెట్టి మా ఆవిడ వైపు తిరిగారు.

"లైనింగు గుడ్డ నానబెట్టకుండా కుట్టే టైలరు ఎక్కడైనా ఉంటుందా అమ్మాయ్? ఆ మాత్రం తెలియదా?"

అందరూ విన్నారు. మా ఆవిడ నా వైపు చూసింది. నేను బోరింగు కొడుతున్నాను. ఇంకా గట్టిగా కొట్టాను.

"పొరపాటైపోయిందండీ టీచర్ గారూ," అంది మా ఆవిడ.

మర్నాడు బండిలో టీచర్ గారు నన్ను పక్కకి పిలిచారు. "జాకెట్లు వేరేచోట ఇచ్చేద్దామనుకుంటున్నామండీ. పెళ్ళి బట్టలు కదా, భయంగా ఉంది. మీ ఆవిడతో మీరే కాస్త నెమ్మదిగా చెప్పండి," అన్నారు. ఆవిడ తనకే భయంగా ఉందనడం నేను వినడం అదే మొదటిసారి. నేను తల ఊపాను. దెందులూరు నుంచి గూడెం దాకా చెప్పడానికి టైముంది. చెప్పలేదు. చెబితే, దగ్గుకి భయపడి ఉతకని గుడ్డ ఇరవై మంది మూతులకి కట్టించినవాణ్ణని బాబాయ్ జీవితాంతం ఏడిపిస్తారని. ఇంతే నా కారణం. ఇంతకంటే గొప్పది లేదు.

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ "సరేలెండి" అంది. బోర్డు మాట మళ్ళీ ఎత్తలేదు.

వారం తిరక్కుండానే పెళ్ళికూతురు ఆటోలో మా ఇంటికొచ్చింది. చేతిలో పట్టు గుడ్డ, లైనింగు.

"అక్కా, అమ్మ మిగతావి ఎవరికిచ్చుకున్నా సరే, నా పెళ్ళి జాకెట్టు నువ్వే కుట్టాలి. ఆయన కూడా ఫోన్ చేసి అదే అడిగారు. ఆ మాస్కులావిడే కదా కుట్టేది, అని."

ఆ పిల్ల వెళ్ళిపోయాక మా ఆవిడ పెరట్లోంచి బకెట్టు తెచ్చి నా ముందు పెట్టింది. దాని పక్కన ఉప్పు డబ్బా పెట్టింది.

"ఈసారి నానబెట్టండి," అంది.



"నీకు తెలుసా?"

"గుడ్డ పట్టుకోగానే తెలిసిందండీ. గంజి చేతికి తగలదా?"

"మరెందుకు కుట్టావు?"

"మళ్ళీ ఉతికి ఆరేసే టైమెక్కడుంది? మాస్కు లేకపోతే మీరు వ్యానెక్కేలా లేరు. వానొస్తుందని నేనేమన్నా కలగన్నానా?"

"టీచర్ గారికి చెప్పొచ్చు కదా మరి."

"మీరు చెబుతారేమోనని చూశాను."

కోపంగా అనలేదు. మామూలుగా, కూర ఉడికిందేమో చూశానన్నట్టు అంది. ఆ మధ్యాహ్నం నేను ఉప్పు నీళ్ళు రెండుసార్లు కాదు, ఐదుసార్లు మార్చాను. ఆ ఉమ్మడి తాడు మీదే ఆరేశాను. పెద్దాయన దగ్గుతూనే ఉన్నారు, ఆరిందాకా నేను అక్కడే నిలబడి ఆయనతో కబుర్లు చెప్పాను.

పెళ్ళిలో ఆ జాకెట్టు చూసి నలుగురు అడిగారు. తర్వాత మరో పదిమంది వచ్చారు. ఆలస్యంగానైనా బోర్డు కూడా వచ్చింది. అయితే ఏమిటంటే, ఆ బోర్డు కింద నిలబడ్డ ప్రతి కొత్త మనిషికీ ఎవరో ఒకరు నవ్వుతూ చెప్పేవారు, "గుడ్డ నానబెట్టమని గుర్తుచేయండి, ఆవిడకి మతిమరుపు," అని. మా ఆవిడా నవ్వేది. బకెట్టు నా ముందు పెట్టిన రోజునే, సోమవారం బండిలో అందరికీ నిజం చెబుతానని ఆమెకి మాటిచ్చాను. ఎన్ని సోమవారాలు పోయాయో!

మొన్న ఒక పెళ్ళిలో మా ఆవిడ దగ్గర పని నేర్చుకోవాలని ఒకమ్మాయి వచ్చింది. వాళ్ళమ్మ నవ్వుతూనే అడిగింది: "నేర్పడం సరే, నానబెట్టడం ఎవరు నేర్పుతారు?" ఆ అమ్మాయి మా ఆవిడ వైపు అనుమానంగా చూసింది. ఈసారి మా ఆవిడ నవ్వలేదు.

మర్నాడే ఇక్కడిదాకా ఉన్నదంతా కాగితం మీద రాసి వట్లూరు వెళ్ళాను. టీచర్ గారు రిటైరై చాలా కాలమైంది. భూతద్దం పెట్టుకుని చివరిదాకా చదివారు. బోరింగు సంగతి రాసిన చోట ఆగి, మళ్ళీ వెనక్కి వెళ్ళి ఇంకోసారి చదివారు.  ఫోన్ తీసుకుని మా ఆవిడకి చేశారు.

"అమ్మాయ్, ఇన్నేళ్ళూ నోటికొచ్చినట్టు అన్నాను కదే నిన్ను. ఒక్కమాటన్నా తిరిగి అనలేదేంటమ్మా?"

అటు నుంచి మా ఆవిడ ఏదో చాలాసేపు చెప్పింది. టీచర్ గారు వింటూ వింటూ నా వైపు చూశారు. చూసి నవ్వు మొదలుపెట్టారు. ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"ఏమందండీ?" అన్నాను.

"అది మా ఇద్దరి మాటండీ," అన్నారు కళ్ళు తుడుచుకుంటూ. "మీరు టీ తాగండి. తాగి, ఆ బాబాయ్ గారింటికి కూడా వెళ్ళి ఈ కాగితం మీరే చదివి వినిపించండి. గట్టిగా చదవాలి. ఆయనకిప్పుడు సరిగ్గా వినబడట్లేదు."