కంటికి మాత్రమే తెలుగు

ఎడమవైపు చివరి బెంచీలో కూర్చునే అమ్మాయి మూడు వారాలుగా చెయ్యి ఎత్తుతూనే ఉందట. నేను ఒక్కసారి కూడా ఆ పిల్లను లేపి అడగలేదట. వాళ్ళమ్మ బడికి వచ్చి, నన్ను వరండా చివరికి పిలిచి, "మా పిల్లంటే మీకేమన్నా కోపమాండీ టీచరుగారూ?" అని మెల్లగా అడిగింది. కోపం లేదని చెప్పాను. అసలు కారణం మాత్రం చెప్పలేకపోయాను. నా చూపు రెండు పక్కల నుంచీ మూసుకుపోతోందని అప్పటికి మా ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు.

నేను తెలుగు టీచర్ని. రేపల్లె దగ్గర ఒక ఊళ్ళో హైస్కూల్లో పనిచేస్తున్నాను. మా ఆయన బాపట్లలో గుమాస్తా. పొద్దున్నే బస్సెక్కి వెళ్ళి, పొద్దుగూకాక ఇంటికి వస్తారు. మొదట నాకు సాయంత్రం పూట మెట్లు కనిపించడం మానేశాయి. తర్వాత తలుపు రెక్కలు, బెంచీల అంచులు, పక్కన నడిచే మనుషులు. గుంటూరులో కళ్ళ డాక్టరు పరీక్షలన్నీ చేసి, దీనికి మందు లేదనీ, ఇంకా ఎంతకాలం చూపు ఉంటుందో తాను చెప్పలేననీ అన్నారు. ఆయన చెప్పకముందే ఆ జబ్బు పేరు నాకు తెలుసు. మా అమ్మానాన్నలది మేనరికం. మా అన్నయ్యకు ముప్పై నిండకుండానే చూపంతా పోయింది.

అన్నయ్య ఇప్పుడు తెనాలిలో ఒక బ్యాంకులో టెలిఫోన్ ఆపరేటరు. అతని చూపు సన్నగిల్లుతున్న రోజుల్లో ఉద్యోగ పరీక్ష పుస్తకం పక్కన కూర్చుని చదివిపెట్టమని నన్ను అడిగేవాడు. నేనప్పుడు పండిట్ ట్రైనింగులో ఉన్నాను. నాకూ పరీక్షలున్నాయని చెప్పి తప్పించుకునేదాన్ని. మూడుసార్లు అడిగి మానేశాడు. ఆ తర్వాత ఇన్నేళ్ళూ పెళ్ళిళ్ళకీ క్రిస్మస్‌కీ కలుస్తూనే ఉన్నాం. ఆ సంగతి అతనూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

గుంటూరు నుంచి వచ్చిన మర్నాడు అతనికి ఫోన్ చేశాను. డాక్టరు చెప్పింది చెప్పాను.

"నీకూనా," అన్నాడు. ఓదార్పు మాటలేవీ చెప్పలేదు. "కంప్యూటర్లో నువ్వు పోగొట్టుకోకూడనిది ఏముందమ్మా?" అని అడిగాడు.

పిల్లల కాగితాలున్నాయని చెప్పాను.

ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది నుంచీ ప్రతి తరగతి చేతా ఏడాదికి ఒక్కసారి ఒక పేజీ రాయించేదాన్ని. ఇంట్లో నిన్న జరిగింది రాయమనేదాన్ని. పుస్తక భాష వద్దు, మీ ఇంట్లో ఎలా మాట్లాడుకుంటారో అలాగే రాయండి అనేదాన్ని. మొదట చీరాల వైపు పనిచేశాను, తర్వాత సూర్యలంక దగ్గర, ఆ తర్వాత ఇక్కడ. బాగున్నవన్నీ ఎంచి నేనే టైపు చేసి దాచేదాన్ని. పెళ్ళికి ముందు తెనాలిలో ఒక డి.టి.పి. షాపులో పని నేర్చుకున్నాను కాబట్టి వేళ్ళు చూడకుండానే టైపు చేస్తాను. అసలు కాగితాలు ఒక తుఫానులో పెట్టెలోనే తడిసి ముద్దయిపోతే బయట పారేశాను. టైపు చేసి ఉన్నాయిలే అనుకున్నాను. ఇరవై ఏళ్ళకు పైగా పోగైన పేజీలవి. ఎప్పటికైనా పుస్తకం వేద్దామనుకునేదాన్ని.

నా లాప్‌టాప్ పాతది. అందులో ఉన్న సిస్టం దానికి మోయలేని బరువైపోయింది. మాటలు చదివి వినిపించే ప్రోగ్రాం ఏది పెట్టినా బిగుసుకుపోయేది. అన్నయ్య వాడేది లినక్స్. ఎవరైనా ఉచితంగా తీసుకుని తమకు తగ్గట్టు మార్చుకోగల సిస్టం అది. దాన్ని యంత్రంలో ఎక్కించే మొదటి అడుగు నుంచే అది మాట్లాడుతుందనీ, చూపు లేని మనిషి ఎవరి సాయమూ లేకుండా పెట్టుకోవచ్చనీ చెప్పాడు. అయితే ఒక షరతు పెట్టాడు. డిస్కునంతా దానంతట అదే సర్దుకునే పద్ధతి ఒకటుంటుంది, దాని జోలికి పోవద్దు, అది ఉన్నదంతా తుడిచేస్తుంది. డిస్కులో ఏ భాగం ఎంత ఉండాలో నీ చేత్తో నువ్వే విడగొట్టాలి, పిల్లల కాగితాలున్న భాగాన్ని ముట్టుకోకుండా వదలాలి అన్నాడు. సిస్టం రేపు పాడైనా మళ్ళీ పెట్టుకోవచ్చు, మన సొంత వస్తువులు మాత్రం వేరే భాగంలో భద్రంగా ఉండాలన్నాడు. ఎందుకైనా మంచిదని ఆ కాగితాలన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లోకి కూడా కాపీ చేయించాడు.

మొదటిసారి నేను ఒక్కదాన్నే కూర్చున్నాను. ఆదివారం, చర్చి నుంచి వచ్చాక. కళ్ళు ఇంకా ఉన్నాయి కదా, వినడమెందుకు, చూసే చేద్దామనుకున్నాను. తెర మీద వరుసలు వరుసలుగా అంకెలు. నాకు ఒక్కసారికి కనిపించేది వేలెడంత మేర. వరుస మొదలు చూస్తే చివర కనిపించదు, చివరకు వెళ్తే ఏ వరుసలో ఉన్నానో తెలియదు. మొదట్లో ఉండే చిన్న భాగాన్ని, యంత్రం లేవడానికి కావలసినదాన్ని, పనికిరాని ముక్క అనుకుని తీసేశాను. అన్నీ అయ్యాక మళ్ళీ ఆన్ చేస్తే నల్లటి తెర, దాని మీద ఒక తెల్లటి గీత. పాతదీ లేదు, కొత్తదీ రాలేదు. మా ఆయన నా భుజం మీద చెయ్యి వేస్తే విసురుగా తోసేశాను. ఆయనకు కోపం రాలేదు. అది నాకు ఇంకా కష్టమనిపించింది.

రెండో శనివారం అన్నయ్య తెనాలి నుంచి పాసింజర్‌లో వచ్చాడు. స్టేషన్ నుంచి ఇంటిదాకా నేను అతని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. వీధి మలుపులో ఆగి ఉన్న ఆటోకు నేనే గుద్దుకున్నాను. అతను తన కర్రను నా ముందుకు జరిపి నడిచాడు.

ఇంట్లో కూర్చున్నాక ఒక పొడుగాటి కాగితం ముక్క అడిగి తీసుకుని, దాన్ని మూడు చోట్ల మడిచి నా చేతిలో పెట్టాడు. మొదటి మడత వేలి గోరంత. అది యంత్రం లేవడానికి. తర్వాతిది సిస్టానికి. ఆ తర్వాతిది ఇకముందు నేను రాసుకునేవాటికి. మిగిలినదంతా పిల్లల కాగితాలున్న పాత భాగం. కళ్ళు మూసుకుని ఆ మడతలను తడమమన్నాడు. వరుస నోటికి వచ్చేదాకా చెప్పించాడు. అప్పుడు లినక్స్ ఉన్న ఇంకో పెన్‌డ్రైవ్ పెట్టి లాప్‌టాప్ ఆన్ చేయమన్నాడు. అది చిన్నగా కూసింది. ఎస్ అక్షరం కొట్టి ఎంటర్ నొక్కమన్నాడు. లోపలి నుంచి ఒక రేకు గొంతు ఇంగ్లీషులో మాట్లాడడం మొదలుపెట్టింది. ప్రతిదానికీ ఒక అంకె చెబుతుంది. మనకు కావలసిన అంకె కొట్టాలి.

డిస్కు భాగాల దగ్గరకు వచ్చేసరికి కుర్చీ దగ్గరకు జరుపుకున్నాను. గబగబా రెండు అంకెలు కొట్టాను.

"చూస్తున్నావు కదా," అన్నాడు అన్నయ్య.

"లేదన్నయ్యా."

"చూస్తున్నావు. వింటున్నదానివైతే అంత త్వరగా కొట్టలేవు. ఇవాళ చూస్తే రేపు ఎవరిని చూడమంటావు?"

లేచి నా చున్నీని నాలుగు మడతలు వేసి నేనే తెర మీద కప్పాను. మళ్ళీ మొదటి నుంచి విన్నాను. చిన్న భాగం కొత్తగా చేశాను. సిస్టం భాగాన్ని తుడిచి సిద్ధం చేయమన్నాను. మూడోది కొలత చెప్పి విడగొట్టాను. నాలుగోదాన్ని తుడవవద్దని చెప్పి, ఏ పేరుతో తెరుచుకోవాలో మాత్రం టైపు చేశాను. "పిల్లలు" అని ఇంగ్లీషు అక్షరాల్లో. చివరన, ఈ మార్పులు డిస్కు మీద రాయమంటారా, రాస్తే మళ్ళీ వెనక్కి రావు అని ఆ గొంతు అడిగింది. అన్నయ్య వైపు తిరిగాను. అతను తల వంచుకుని వింటున్నాడు. నన్నే నిర్ణయించుకోనిచ్చాడు. అవునన్న అంకె కొట్టాను.

మధ్యాహ్నం భోజనాల వేళకు యంత్రం లేచింది. తెలుగు గొంతు పెట్టుకున్నాం. అది ముక్కుతో మాట్లాడినట్టు ఉంది, ఒత్తులన్నీ ఒకే బరువుతో పలుకుతుంది. అయినా నేను "ఈ రోజు శనివారం" అని కొట్టగానే అది తిరిగి నాకు చెప్పింది. డాక్టరు దగ్గర నుంచి వచ్చాక నేను నవ్వింది అప్పుడే. మా ఆయన అన్నం గిన్నె పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. పిల్లల కాగితాల్లో ఒకటి చదివించు, నేనూ వింటాను అన్నాడు అన్నయ్య.

జీడిపప్పు ఫ్యాక్టరీకి వెళ్ళే తల్లి గురించి ఒక అమ్మాయి రాసిన పేజీ తెరిచాను. చీరాల వైపు పనిచేసినప్పటిది. వేటపాలెంలో జీడిగింజలు కొట్టే ఆ తల్లి వేళ్ళ మీద గీతలు అరిగిపోయి, ఎక్కడ వేలిముద్ర అడిగినా పడేది కాదట. ఆ పేజీ నాకు దాదాపు కంఠతా వచ్చు.

యంత్రం చదివింది. "క్యాపిటల్ ఎ. సెమీకోలన్. డాలర్. ఎల్. బ్రాకెట్."

ఇంకో పేజీ తెరిచాను. అదే. పది పేజీలు తెరిచాను. చున్నీ తీసి తెర మీద చూస్తే అక్కడా ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. తెలుగు అక్షరం ఒక్కటీ లేదు.

అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. నేను షాపులో నేర్చుకున్నది పాతకాలపు డి.టి.పి. ఫాంటు. అందులో ప్రతి తెలుగు ముక్క వెనకా ఉండేది ఒక ఇంగ్లీషు గుర్తే. ఫాంటు దానికి తెలుగు రూపం తొడుగుతుంది. చూసేవాళ్ళకు అది తెలుగు. యంత్రానికి అది ఏనాడూ తెలుగు కాదు. ఆ ఫాంటు ఉన్నది పాత సిస్టం భాగంలో. దాన్ని నేనే తుడిచేశాను. కాగితాలు భద్రం చేశాను, పెన్‌డ్రైవ్‌లో కూడా పెట్టాను, అక్షరాలు పెట్టలేదు.

అన్నయ్యకు ఇదంతా చెప్పాను. అతను చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయాడు. "నాకు తెలియదమ్మా," అన్నాడు. "చూపు పోయేదాకా నేను కంప్యూటర్లో తెలుగు చూడనే లేదు. కొట్టేది తెలుగైతే ఉండేదీ తెలుగే అనుకున్నాను." అతని గొంతు అలా వణకడం నేను అంతకుముందు వినలేదు. తన చూపు పోయినప్పుడు కూడా వినలేదు. అప్పుడు వినేంత దగ్గరగా నేను లేనేమో.

తర్వాతి వారం తెనాలి వెళ్ళాను. నేను పని నేర్చుకున్న షాపులో ఇప్పుడు ఫ్లెక్సీలు వేస్తున్నారు. గోడల నిండా పుట్టినరోజు శుభాకాంక్షలు. యజమాని నన్ను గుర్తుపట్టారు. "ఆ ఫాంట్లతో ఇప్పుడెవరు కొడుతున్నారమ్మా," అంటూనే మూలనున్న పాత యంత్రం దుమ్ము దులిపి వెతికిపెట్టారు. దొరికింది అదే పేరున్న ఫాంటు, కానీ తర్వాత కాలంలో మార్చినది. ఇంటికి తెచ్చి పెడితే తెలుగు కనిపించింది. అక్కడక్కడా అక్షరాల బదులు ఖాళీ డబ్బాలు. అన్నయ్య ఎవరినో అడిగి, పాత ఫాంటును ఇప్పటి తెలుగులోకి మార్చే ప్రోగ్రాం ఒకటి సంపాదించాడు. అది ఒత్తులను ఒకచోట, గుణింతాలను ఇంకోచోట విసిరేసింది. యంత్రం దాన్ని చదువుతుంటే మాటలు రాని మనిషి ఏదో చెప్పాలని తంటాలు పడుతున్నట్టుంది. రెండు నిమిషాలు విని ఆపేశాను.

మిగిలిన దారి ఒక్కటే. ఎవరైనా చూసి చదవాలి, నేను మళ్ళీ కొత్తగా టైపు చేయాలి. మొదట నేనే చదువుకున్నాను, అక్షరాలు పెద్దవి చేసుకుని, ఒక్కసారికి రెండు మూడు మాటలు. ఎండాకాలం సెలవులు గడిచేసరికి ఒక్క మాట కూడా నా చూపులో పూర్తిగా ఇమిడేది కాదు. ఇప్పుడు మా ఆయన చదువుతారు. ఆదివారాలు కూర్చుంటాం. బస్సు ప్రయాణాలతో అలిసిన మనిషి, రెండు పేజీలయ్యేసరికి గొంతు మందగిస్తుంది. ఆఫీసు కాగితం చదివినట్టే చదువుతారు. చాలని నేనే అంటాను.

లెక్క వేసుకుంటే ఈ లెక్కన అవి పూర్తికావు. అందుకని ఎంచుకోవడం మొదలైంది. ఎవరి పేజీ ఉండాలి, ఎవరిది పోయినా ఫరవాలేదు అని. సముద్రంలోకి వెళ్ళిన నాన్న కోసం ఒడ్డున నిలబడ్డ పిల్లదా, కాలవలో గేదె కొట్టుకుపోయిన పిల్లాడిదా? తరగతిలో ఏ పిల్లనూ నేను అలా పక్కన పెట్టలేదనుకునేదాన్ని. బడిలో మాత్రం హెడ్మాస్టరుగారికి నా కళ్ళ సంగతి చెప్పేశాను. ఆ చివరి బెంచీ పిల్ల తల్లికి కూడా చెప్పాను. ఆమె నా చేతులు పట్టుకుంది. అంతకుమించి ఎవరు మాత్రం ఏం చేస్తారు.

మొన్న ఆదివారం మా ఆయన ఒక పేజీ మధ్యలో ఆగిపోయారు.

"ఇక్కడ డబ్బాలొచ్చాయి," అన్నారు. "'మా నాయనమ్మ నన్ను ముద్దుగా...' తర్వాత ఒక మాట లేదు. '...అని పిలిచేది' అని ఉంది."

ఆ అమ్మాయి ముఖం గుర్తుంది, పచ్చ రిబ్బన్లు గుర్తున్నాయి. వాళ్ళ నాయనమ్మ ఏమని పిలిచేదో గుర్తు రాలేదు. ఎంతసేపు ఆలోచించినా రాలేదు. అక్కడ పట్టే మాటలు నాకు యాభై తెలుసు. ఏది పెట్టినా వాక్యం నిండుతుంది, ఎవరికీ తేడా తెలియదు. మా ఆయన ఎదురుచూస్తున్నారు. ఖాళీగా వదిలి, తర్వాతి వాక్యం చదవమన్నాను.