వేట మొదలైతే వంగే గీత

మా ఆసుపత్రిలో వనజాక్షి ఏం పని చేస్తుందో బంధువులకు చెప్పడం నాకు చేతకాదు. "వచ్చే నెల ఎంతమంది రోగులు వస్తారో ఈ నెలే చెబుతుంది" అంటే, "జ్యోతిష్యమా?" అని నవ్వుతారు. ఆ పిల్ల చదివింది స్టాటిస్టిక్స్. గడిచిన ఏళ్లలో ఏ నెలకు ఎందరు షుగర్ రోగులు వచ్చారో కంప్యూటర్‌కు ఇస్తుంది. ఆ వరుసలో హెచ్చుతగ్గులు చూసి అది రాబోయే నెలలకు ఒక గీత గీస్తుంది. ఆ గీతను బట్టే, మందుల గదిలో ఉండే నేను ఇన్సులిన్ తెప్పిస్తాను.

బోగోలు దగ్గర సముద్రం ఒడ్డున పుట్టినందుకో ఏమో, వనజాక్షి ఆ గీత చూస్తూ ఎక్కడికో వెళ్లిపోయేది. మధ్యాహ్నం జనం పలచబడ్డాక, కిటికీలోంచి ఉప్పుగాలి వస్తుంటే, "అక్కా, ఇది ఊపిరి తీసుకుంటున్నట్టు లేదూ?" అనేది. నాకైతే ఆకలి తప్ప ఏమీ తోచేది కాదు.

ఎండాకాలంలో సముద్రంలో చేపల వేట నిషేధం. మగవాళ్లు ఇళ్లలోనే ఉంటారు, ఆసుపత్రికి వస్తారు, గీత లేస్తుంది. పడవలు కదిలాయంటే వంగుతుంది. ఏటా అంతే, అంచనా ఏటా సరిపోయేది.

ఈసారి పడవలు కదిలిన కొన్నాళ్లకు వనజాక్షి తన ఇంటికి వెళ్లింది. తండ్రి మునెయ్య అరికాలికి గుడ్డ చుట్టుకుని కూర్చున్నాడు. ఆల్చిప్ప గీరుకున్న పుండు మానడం లేదు.

"ఇన్సులిన్ వేసుకోలేదా నాయనా?"

"ఎందుకేసుకోను? సల్లగా పెట్టమన్నారని చేపల పెట్టెలో ఉప్పేసిన ఐసులో పూడ్చిపెట్టినా. పడవలో అందరం అట్నే పెడతామే."

వనజాక్షి సీసా తీసి చూసింది. లోపల తునకలు తేలుతున్నాయి. ఉప్పేసిన ఐసు మామూలు ఐసు కన్నా చల్లన; అందులో గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా ఎందుకూ పనికిరాదు. పాపం, ఆయన రోజూ బుద్ధిగా పొడుచుకున్నది ఆ పాడైన మందునే.

మర్నాడు నా గదికొచ్చి ఏడ్చింది. "గీత వంగితే జబ్బు తగ్గిందనుకున్నా అక్కా. వాళ్లు సముద్రం మీదుండారంతే."

మా పెద్ద డాక్టరు చంద్రమౌళి గారి దగ్గరికి వెళ్లి, పడవలు ఒడ్డుకు చేరేచోటే షుగర్ పరీక్షలు పెడదామంది.

"రారనే కదమ్మా నీ గీత చెబుతోంది?"

"వాళ్లు రారు సార్. మనం పోదాం."

ఆయన మంచివాడే కానీ ఆచితూచి అడుగేసే మనిషి. ఒక్క ఉదయానికి సరేనన్నాడు, ఎవరూ రాకపోతే మళ్లీ అడగొద్దన్నాడు. మునెయ్య మాత్రం, "ఒడ్డుకొచ్చినాక చేపలు సూసుకోవాలా, సూదులు సూసుకోవాలా?" అని కసిరి వేటకు పోయాడు. ఆ కాలు దక్కుతుందో లేదోనని వనజాక్షికి అన్నం సయించలేదు.

పరీక్షల రోజు తెల్లవారింది. డాక్టరు గారు, వనజాక్షి, నేను సరుగుడు తోపు పక్కన టార్పాలిన్ పట్టా కింద బల్ల వేసుకుని కూర్చున్నాం. మసక వెలుతురులోంచి పడవలు ఒక్కొక్కటే చప్పుడు లేకుండా తేలి వస్తున్నాయి. నీళ్లేవో ఆకాశమేదో తెలియడం లేదు. మేము ఇంకా పక్కల మీదే ఉండి ఇదంతా కలగంటున్నామా అనిపించింది. మనుషులు దిగారు, గంపలు ఎత్తుకున్నారు, మమ్మల్ని దాటుకుని పోయారు. ఒక్కడైనా ఇటు చూస్తే ఒట్టు! నాకు ఒళ్లు మండిపోయింది.

మునెయ్య కుంటుకుంటూ దిగాడు. ఆయనా దాటిపోయాడు. నాలుగడుగులు వేసి కూతురి వైపు తిరిగి చూశాడు. గంప పక్కవాడి నెత్తిన పెట్టి, వెనక్కి వచ్చి కుర్చీలో కూలబడి రక్తపరీక్షకు వేలు చాపాడు.

చంద్రమౌళి గారు గుడ్డ విప్పి పుండును చాలాసేపు చూశారు. "ఇంకొన్నాళ్లు ఆగుంటే చెప్పలేకపోయేవాణ్ణి. ఇవాళే ఆసుపత్రికి వస్తే కాలు నిలబెడతాను."

వనజాక్షి ముఖం తిప్పుకుంది.

"ఎందుకు మే ఏడస్తావు?" అన్నాడు మునెయ్య.

"మీరెవరూ రారని నా లెక్కలో వచ్చింది నాయనా."

మునెయ్య కుర్చీలోనే వెనక్కి తిరిగి పడవల వైపు గొంతెత్తి అరిచాడు. "ఒరే, మనం రామని లెక్క కట్టిందంటరా మా యమ్మి! రండిరా, ఆ లెక్క తప్పిద్దాం!"