ఆపరేషన్ రిజిస్టరు చెప్పిన వయసు

నర్సుగా చేరిన కొత్తలో టీకాల డబ్బా భుజాన వేసుకుని సిర్గాపూర్ వైపు ఊళ్లకు వెళితే, పిల్లల ఏడుపులకు నా చెవులు హోరెత్తేవి. ఇప్పటికీ నారాయణఖేడ్‌లో బస్సెక్కి అవే ఊళ్లకు వెళుతున్నాను. టీకాల రోజున పట్టుమని పదిమంది పిల్లలు రారు. బీపీ, షుగర్ గోళీల కోసం వచ్చే ముసలివాళ్లు మాత్రం సబ్‌సెంటర్ గడప దాటి అరుగు నిండా కూర్చుంటారు. ఈ మార్పులో నా చెయ్యి కూడా ఉందని చెప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు.

కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌కు నేను ఒప్పించిన మొదటి మనిషి ఆ ఊళ్లలో ఒకదాంట్లో ఉండే చెరుకు కొట్టే కూలీ. నేను అక్కా అని పిలిచేదాన్ని. ఇద్దరూ ఆడపిల్లలే. కొడుకు పుట్టకుండా ఆపరేషన్ ఏమిటని అత్త ఇల్లు పీకి పందిరేసింది.

"ముసలితనంల నన్నెవరు సూస్తరు నర్సమ్మా?" అని అక్క అడిగింది.

"సర్కారు సూస్తది అక్కా" అన్నాను. అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్లు. సర్కారు తరఫున నేనే మాట ఇచ్చేశాను. అక్క ఆ మాట నమ్మి నా వెంట దవాఖానకు వచ్చింది. ఆమెను చూసి ఆ వాడలో ఆడవాళ్లు ఒకరొకరే వచ్చారు.

ముప్పై మూడేళ్ల తర్వాత, పోయిన వానాకాలంలో, అదే అక్క మోకాళ్లు పట్టుకుని సబ్‌సెంటర్‌కు వచ్చింది. చెరుకు కొట్టడం చాతకావడం లేదు. పింఛన్‌కు దరఖాస్తు పెడితే వయసు చాలదని తిప్పి పంపారట. గుర్తింపు కార్డు చూశాను. నలభై ఎనిమిదేళ్లని ఉంది.

"ఇదేందక్కా, నాకంటె చిన్నదానివైనవ్?"

అక్క తల వంచుకుని అసలు సంగతి చెప్పింది. చెరుకు సీజన్‌కు కూలీలను కుదిర్చే మేస్త్రీ మొగుడూపెళ్లాలను జంటగా తీసుకుపోతాడు. ఈడు మీరిన జంటను లారీ ఎక్కనివ్వడు. అందుకని కార్డులు రాసేవాళ్లు వచ్చినప్పుడు ఇద్దరూ జుట్టుకు రంగు వేసుకుని, చెరో పదిహేనేళ్లు తగ్గించి చెప్పారు. మా వైపు చెరుకు పనికి పోయే ఇళ్లలో ఇది మామూలే. ఇంటికి ఒక పింఛనే వస్తుంది. ఆ ఒక్కటీ రాకుండా ఇద్దరూ కలిసి తలుపు మూసుకున్నారు.

"నువ్వే అంటివి గద, సర్కారు సూస్తదని" అంది. నిష్ఠూరంగా కూడా అనలేదు. నాకు మాత్రం ముఖం మీద కొట్టినట్టయింది.

పాత రిజిస్టర్లు పారేయమని ఎన్నిసార్లు చెప్పినా నేను పారేయలేదు. ఆ పూటంతా ఇనుప బీరువా ముందు కూర్చున్నాను. చెదలు అంచులు తిన్నా లోపలి రాత బాగానే ఉంది. నా రాతే. వయసు ముప్పై. పిల్లలు ఇద్దరు. పెద్దబిడ్డకు ఎనిమిదేళ్లు, చిన్నబిడ్డకు ఐదు. కింద అక్క వేలిముద్ర. మొగుడి వయసుకు ఇలాంటి రుజువు లేదు. ఆపరేషన్ బల్ల ఎక్కింది ఆమె ఒక్కతే కదా!

మర్నాడు సెలవు పెట్టి, రిజిస్టరు చంకన పెట్టుకుని, అక్కను వెంటబెట్టుకుని నారాయణఖేడ్‌లో పింఛన్ల ఆఫీసుకు వెళ్లాను. అక్కడి అధికారి కుర్రవాడు. కార్డులో ఉన్నదే లెక్క అన్నాడు. నాకు తిక్క రేగింది.

"సరే సార్, కార్డే నిజమనుకుందాం. ఆపరేషన్ అయిన నాటికి ఈమెకు పదిహేనేండ్లు. పెద్దబిడ్డకు ఎనిమిది. ఏడేండ్లకే బిడ్డను కన్నదా? మీరే చెప్పండి."

అతను రిజిస్టరు చూశాడు, కార్డు చూశాడు, అక్క మోకాళ్ల వంక చూశాడు. వేళ్ల మీద ఒకసారి లెక్కేసుకుని నవ్వాడు. డాక్టర్ల దగ్గర వయసు పరీక్షకు కాగితం రాసి, రిజిస్టర్ నకలు దానికి జతచేయించాడు. నా చేతిరాత మీద ఆఫీసు ముద్ర పడుతుంటే నాకెంత గర్వంగా అనిపించిందో! కార్డు దిద్దడానికి ఇంకో మూడుసార్లు తిరిగాం. చివరికి పింఛన్ మంజూరైంది.

ఆ తర్వాతి గోళీల రోజున అక్క అందరికంటే ముందే వచ్చి కూర్చుంది. జుట్టుకు రంగు లేదు. తల ముగ్గుబుట్టలా ఉంది. బీపీ చూసి, కొత్త పుస్తకం తెరిచి, అలవాటుగా వయసు అడిగాను.

ఎప్పుడూ ఆ ప్రశ్నకు గొణిగే మనిషి అరుగు మీదివాళ్లందరికీ వినపడేలా చెప్పింది.

"అరవై మూడు. మంచిగ రాయ్ నర్సమ్మా. చిన్నదాన్నని చెప్పి చెప్పి యాష్టకొచ్చింది. ఇగ ముసలిదాన్నైత."