గుంజకు కట్టిన కడియం

దసరా ముందు మా కోడలు వెండి సామాను తోమడానికి చింతపండు నానబెడుతుంది. ఆ పులుపు వాసన బరంపురంలోని మా మూడో అంతస్తు ఇంట్లోంచి నన్ను చెయ్యి పట్టుకుని గంజాం దాకా, రుషికుల్య సముద్రంలో కలిసే చోట ఉండే మా తాటాకుల ఇంటి దాకా లాక్కుపోతుంది.

మాది చేపలు పట్టే ఇల్లు. అయ్య వేటకి వెళ్ళేవాడు, అమ్మా నాన్నమ్మా ఎండుచేపలు వేసేవారు. ఇంటి ముందు సముద్రం, వెనక ఏటి బురద. ఎండాకాలం ఇసుక మీద నెత్తళ్ళు తళతళా ఆరుతుంటే, కాకుల్ని తోలడానికి సముద్రం వైపు నేను, ఏటి వైపు మా చెల్లి సింహాచలం. తొలకరి వేళ వచ్చే రొజొ పండక్కి ఒడియా పిల్లలతో కలిసి ఊయలలూగేవాళ్ళం, అరిటాకులో కాల్చిన పొడొపిఠా రొట్టెలో మాడిన అంచు ముక్క కోసం జుట్లు పట్టుకునేవాళ్ళం. సాయంత్రం గాలి ఏటి వైపు నుంచి తిరిగిందంటే, కుళ్ళిన గుడ్డులాంటి బురద వాసన తినే అన్నంలోకి కూడా వచ్చేసేది. అందరం ముక్కులు మూసుకుంటే సింహాచలం మాత్రం ముక్కెత్తి నిలబడేది. "కుక్కపిల్లవేటే, అలా వాసన సూస్తావు?" అని అమ్మ తిట్టేది.

ఆడపిల్ల కాళ్ళకున్న వెండి నల్లబడితే ఒంట్లో ఏదో చెడు చేరిందని మా వాళ్ళ లెక్క. ఊళ్ళో చదువు అయిపోయి, సింహాచలాన్ని బరంపురం హాస్టలుకి పంపమని మాస్టారు అయ్యని ఎలాగో ఒప్పించిన ఏడే, సరిగ్గా రొజొ పండగనాడే, దాని కడియాలు బొగ్గుల్లా కనిపించాయి. నావి కాస్త మాసాయి, అంతే.

"ఒంట్లో బాగునేని గుంటని ఊరుగాని ఊరు పంపుతారేటి? అక్కడ సస్తే ఎవులు సూస్తారు?" అంది నాన్నమ్మ. ఆవిడ మాట దాటే మనిషి మా ఇంట్లో లేడు. అప్పటికే రేకుపెట్టె సర్దుకున్న పిల్ల, ఆ పెట్టె మీదే కూచుని ఏడ్చింది.

ఏడ్చి ఏడ్చి లేచింది. కడియాలు ఊడదీసి చింతపండుతో తెల్లగా తోమింది. ఒకటి నాన్నమ్మ చేతిలో పెట్టి, "నీ బియ్యం కుండలో దాసు" అంది. రెండోది ఇంటి వెనక వలలు ఆరేసే గుంజకు తాడుతో బిగించి కట్టింది.

"గుంజకి పెళ్ళేటే, కడియం తొడుగుతున్నావు?" అని నాన్నమ్మ పకపకా నవ్వింది.

మబ్బు పట్టి, ఏటి గాలి కొన్నాళ్ళు విడవకుండా వీచింది. రోజూ పొద్దున్నే అందరికన్నా ముందు ఆ గుంజ దగ్గరికి వెళ్ళి వచ్చేది నాన్నమ్మే. బడి తెరిచే ముందు సింహాచలం తాడు విప్పి కడియం తెచ్చింది. నల్లగా ఉంది. కుండలోంచి తీసింది తెల్లగా ఉంది.

"ఏటి నాన్నమ్మా, గుంజకి కూడా జొరమొచ్చిందా?"

నాన్నమ్మ రెంటినీ ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు తిప్పి తిప్పి చూసింది. "గాలికే జబ్బు సేసినట్టుందే. ఎల్లు. ఎల్లి దానికి మందేటో సదువుకో" అంది.

తెల్ల కడియం నాకిచ్చి, నల్లది తను పట్టుకుపోయింది చెల్లి.

అలా వెళ్ళిన పిల్ల నిజంగానే గాలిని చదువుకుంది. ఆ చదువు పేరుకి నాకు నోరు తిరగదు. గాలిలో ఏమేం కలిసి ఉంటాయో, అవి ఎక్కడ పుట్టి ఎక్కడికి పోతాయో చూడడమట. గాలిని సీసాల్లో పట్టడానికి ఓడలెక్కి సముద్రం నడుమకి వెళ్ళింది, మంచుకొండలెక్కింది. పెద్ద పెద్దవాళ్ళు పతకాలిచ్చారు, శాలువాలు కప్పారు. ఎక్కడున్నా ఫోనులో ఈ అక్కతో దాని మొదటి మాట మాత్రం ఒకటే: "అప్పా, గాలెటు?"

నిరుడు బరంపురంలో సన్మానం చేస్తే వచ్చింది. మెడలో దండ తీసి నా చేతికిచ్చి, భోజనమైనా చెయ్యకుండా గంజాం పోదామంది. వెళ్ళాం. మా ఇళ్ళ వరసంతా ఏనాడో సముద్రం తినేసింది. నెత్తళ్ళు ఆరేసిన ఇసుకా లేదు, ఆ గుంజ ఉన్న చోటు నీళ్ళలో ఎక్కడో. చెల్లి సంచిలోంచి మూత బిగించిన గాజుసీసా తీసింది. అందులో కడియం, అప్పటి నలుపుతోనే.

"ఇంత సదివి వెండి తోమడం రానేదేటే నీకు? ఇలాగియ్యి, చింతపండేసి..."

"వొద్దప్పా" అని సీసాని గుండెకి హత్తుకుంది. "ఈ నలుపు మన గాలే. మనిల్లు, ఆ బురద, నాన్నమ్మ ఉన్నప్పటి గాలి. ఎన్ని సీసాలు పట్టినా నాకిది మరి దొరకనేదు."

"అత్తమ్మా, మీ కడియం కూడా ఇవ్వండి, తోమేస్తాను" అంటోంది ఇప్పుడు కోడలు. ఇచ్చేశాను. అది బియ్యం కుండలోది, కడిగినా పోయేదేమీ లేదు దానికి.

ఫోను మోగింది. "అప్పా, గాలెటు?"

కిటికీ తీశాను. ఎదుట పక్క మేడ గోడ. ఆకైనా కదలడం లేదు.

"ఏటి వైపు నుంచేనే" అన్నాను.

అటు నుంచి చెల్లి గట్టిగా ఊపిరి పీల్చడం వినిపించింది.