అవ్వ మంచం పక్కన స్విచ్చు

మొన్న మా హాల్లో పాత చెక్క స్విచ్చుబోర్డు పీకి కొత్తది బిగిస్తుంటే, దాని వెనక నుంచి ఎండిన టేకు, సున్నం, వేడెక్కిన రబ్బరు కలిసిన వాసన వచ్చింది. కరెంటు పనికి వచ్చిన కుర్రవాడు దాన్ని బయట పడేయబోతుంటే అడిగి తీసుకుని, వెనక్కి తిప్పి చూశాను. లోపల వైర్లన్నీ పిచ్చుక గూడులా చిక్కుపడి ఉన్నాయి. రాహేలక్క చూసి ఉంటే, బిగించినవాడు ఏ ఊళ్లో ఉన్నా పిలిపించి విప్పించేది.

రాహేలక్క మా బడి హెడ్మిస్ట్రెస్. ఎనభైల మొదట్లో నేను ఆళ్లగడ్డలో టీచరుగా చేరినప్పుడు వాళ్లింట్లోనే ఒక గది అద్దెకు తీసుకున్నాను. ఆమె భర్త శ్రీశైలం డ్యాం దగ్గర పనిచేస్తూ ఎప్పుడో ఒకసారి వచ్చిపోయేవాడు. ఇంట్లో ఉండేది ఆమె, నడుము పడిపోయి మంచం పట్టిన వాళ్లమ్మ మరియమ్మవ్వ. అక్కకు ఒక పిచ్చి ఉండేది. ఏ వస్తువు ఆగిపోయినా దాన్ని విప్పి లోపల ఏముందో చూడనిదే అన్నం సహించేది కాదు. గోడ గడియారం, కుట్టుమిషను, చివరికి బడిలో ప్రార్థనకు వాయించే హార్మోనియం కూడా ఆమె చేతిలో పడి బతికి బయటపడ్డవే.

ఆ ఎండాకాలం అవ్వకు హాల్లో టేబుల్ ఫ్యానే ప్రాణం. ఇల్లంతటికీ ఒకటే ఫ్యూజు, అది మాటిమాటికీ పోయేది. పక్క వీధి వైర్‌మన్ వచ్చి, సన్న తీగ తీసేసి లావు రాగితీగ చుట్టాడు. అప్పట్లో ఊరంతా చేసే వైద్యం అదే.

"ఇంగ నీ జన్మలో పోదు టీచరమ్మా" అని, టీ తాగి వెళ్లిపోయాడు.

నాకు హమ్మయ్య అనిపించింది. అక్క మాత్రం ఫ్యూజు వంక చూస్తూ నిలబడింది. సాయంత్రం గోడ మీది వైరుకు అరచేయి ఆనించి, నన్నూ ఆనించమంది. వైరు గోరువెచ్చగా ఉంది.

"ఆ సన్న తీగ కాలకపోతే ఇది కాలతాది. మనిద్దరం బడికి పోయినంక ఈమె లేచి యాడికి పోతాది?" అంది.

ఫ్యాను లేకుంటే అవ్వ ఉడికిపోతుంది. ఉంటే, తలుపు వేసి వెళ్లిన ఇంట్లో ఏమవుతుందో తెలియదు. ఆ ఆలోచన తలకెక్కాక నాకూ బడిలో పాఠం మీద మనసు నిలవలేదు. ఆ శనివారం బడి అయ్యాక ఇద్దరం నంద్యాల బస్సెక్కాం.

కరెంటు సామాన్ల కొట్టు శెట్టి "మీ సారు రాలేదామ్మా?" అన్నాడు. అక్క ఆ మాట వినిపించుకోలేదు. ఫ్యాను వెనక రాసి ఉన్న అంకెలు చెప్పి, దానికి సరిపోయే అతి సన్న ఫ్యూజు తీగ చూపించమంది. "అంత సన్నందైతే ఊరికే పోతాదమ్మా" అన్నాడాయన. "పోతే మల్ల వేసుకుంటా, చూపించప్పా" అంది. తిరుగు బస్సు శిరివెళ్ల చేరకముందే పొట్లం విప్పి, తీగతోపాటు కొన్న పింగాణీ ఫ్యూజును ఒళ్లో పెట్టుకుని తిప్పితిప్పి చూసింది.

ఆదివారం చర్చి నుంచి వచ్చి, మెయిన్ ఆపి, చీర కొంగు దోపుకుని కూర్చుంది. అవ్వ మంచం పక్క గోడకు, ఫ్యాను కోసం మాత్రమే ఒక చెక్క పెట్టె, అందులో ఫ్యూజు, స్విచ్చు, ప్లగ్గు పెట్టే సాకెట్టు. ఎర్ర వైరు ముందు ఫ్యూజులోకి, అక్కణ్నుంచి స్విచ్చులోకి, ఆ తర్వాత సాకెట్టుకు. నల్ల వైరు నేరుగా సాకెట్టుకు. రాగి పోగులను మెలివేసి కొక్కెంలా వంచింది.

"స్క్రూ యా పక్కకు తిరుగుతాదో ఆ పక్కకే వంచల్ల. ఎదురు వంచితే బిగించేకొద్దీ బయటికొస్తాది."

నేను బిగించి చూశాను. కొక్కెం దానంతటదే లోపలికి ఒదిగింది. అంత చిన్న విషయానికి నాకెంత సంతోషం కలిగిందో చెబితే మీరు నవ్వుతారు.

"మూత పెడితే ఎవరికీ కనపడదు కదక్కా, ఇంత పొందిగ్గా ఎందుకు?" అన్నాను.

"రేపు మల్ల విప్పేది నేనే గదా. నన్ను నేనే తిట్టుకోవల్లనా?"

అంతటితో అయిపోలేదు. వంటింట్లోని కరెంటు పొయ్యి తెచ్చి ఆ సాకెట్టుకే పెట్టింది. పొయ్యి ఎర్రబడుతుందా, ఫ్యూజు పోతుందా అని ముగ్గురం ఊపిరి బిగబట్టి చూశాం. టిక్కుమని చిన్న చప్పుడైంది. పొయ్యి చల్లబడింది, వంటింట్లో దీపం మాత్రం వెలుగుతూనే ఉంది. "బాగుండేదాన్ని తగలబెట్టి నవ్వుతాండారే" అని అవ్వ విసుక్కుంది. అక్క కొత్త తీగ చుట్టి, ఫ్యాను తిప్పి, అవ్వ వైపు పెట్టింది.

కొన్నాళ్లకు బడి నుంచి వచ్చేసరికి ఫ్యాను ఆగి ఉంది. అవ్వ చెమటలో తడిసి ముద్దయి, నోటికొచ్చినట్టు తిడుతోంది.

"సచ్చిపోతాండా ఈడ. నీ సన్న తీగలో మన్ను పొయ్య."

అక్క ఫ్యాను వైరు వెంట చేత్తో తడుముకుంటూ మంచం కిందికి వంగింది. అక్కడ ఎలుక కొరికి, రెండు తీగలూ ఒకదానికొకటి తాకి నల్లగా మాడి ఉన్నాయి. దానికి బెత్తెడు దూరంలో అవ్వ దుప్పటి అంచు వేలాడుతోంది. అక్క ఆ మాడిన చోటును నాకు చూపించింది, అవ్వకు చూపించలేదు. తడిగుడ్డతో అవ్వ మొహం, మెడ తుడుస్తూ తిట్లన్నీ పడింది. అలా తుడుస్తూనే ఏడ్చేసింది.

"ఫ్యాను ఆగితే ఏడుస్తారా యెవరన్నా?" అంది అవ్వ, కాస్త మెత్తబడి.

అక్క పోయి చాలా ఏళ్లైంది. విజ్ఞానం పేరుతో నేను పిల్లలకు చెప్పినవి చాలా వరకు పుస్తకాల్లోవే. చూడాలనే యావ మాత్రం ఆమె అంటించింది. ఈనాటికీ జబ్బుగా ఉన్నవాళ్లను చూడటానికి ఎవరింటికి వెళ్లినా, పలకరింపు కంటే ముందు వంగి మంచం కిందికి చూస్తాను. ఏదో పడిపోయిందనుకుని వాళ్లూ నాతోపాటు వెతుకుతారు. ఏం లేదని చెప్పి లేస్తాను. నిజంగానే అక్కడ ఏమీ లేకపోతే, అప్పుడు కూర్చుని ఎలా ఉన్నారని అడుగుతాను.