తలుపు బయటి కుర్చీ

మా మేడమ్ పోయారన్న సంగతి ఇక్కడ అమెరికాలో మా నేపర్‌విల్ ఊరి తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో చూసి తెలుసుకున్నాను. పైన ఎవరిదో పాత సోఫా అమ్మకం, కింద ఎయిర్‌పోర్టుకి రైడ్ కావాలన్న విన్నపం, మధ్యలో ఆవిడ మరణవార్త. చూస్తుండగానే దండాల బొమ్మలు కుప్పలుగా వచ్చి పడ్డాయి. పెట్టినవాళ్ళలో చాలామంది, బతికుండగా ఆవిడ ఫోన్ చేస్తే ఎత్తనివాళ్ళే. మధ్యాహ్నానికి మా ఆసుపత్రి నుంచి అందరికీ ఈమెయిల్ వచ్చింది. వైవిధ్యానికి, అంటే వాళ్ళ డైవర్సిటీకి, వెలుగు చూపిన మహనీయురాలట. ఆవిడ పనిచేసిన వైవిధ్య విభాగం బోర్డు పీకేసి, ఆ గదిలో ప్రింటర్లు పెట్టుకున్నదీ ఈ ఆసుపత్రే. నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది.

మేడమ్ వైద్య సామాజిక శాస్త్రవేత్త. ఆ మాట వినగానే పార్టీల్లో మనవాళ్ళకి ఆవిడ మీద ఆసక్తి చచ్చిపోయేది. "అంటే మామూలు డాక్టర్ కాదాండీ?" అని జాలిగా అడిగేవారు. "డాక్టర్లు ఎవరి మాట వింటారో, ఎవరిది వినరో చూసే డాక్టర్నండీ" అనేవారు ఆవిడ, పులిహోర ప్లేటు పట్టుకుని. అడిగినాయన అప్పటికే పక్కనున్న కార్డియాలజిస్టు వైపు తిరిగిపోయేవాడు.

నేను ఆ ఆసుపత్రిలో తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని. పేషెంటు తెలుగులో చెప్పింది డాక్టరుకి ఇంగ్లీషులో చెబుతాను, డాక్టరు మాట తిరిగి తెలుగులో చెబుతాను. అలాంటి ఉద్యోగం ఒకటి ఉందంటే ఆవిడ చలవే.

వెయిటింగ్ రూమ్‌లో కూర్చోవడమే ఆవిడ పరిశోధన. లోపలికి రాగానే మెడలో బ్యాడ్జి తీసి హ్యాండ్‌బ్యాగ్‌లో పడేసేవారు. బ్యాడ్జి కనిపిస్తే మనవాళ్ళు అంతా బాగుందనేస్తారట. సోంపు డబ్బీ తీసి పక్కావిడ చేతిలో నాలుగు పలుకులు వేసి, "ఏ ఊరండీ మీది?" అనేవారు. ఆ తర్వాత ఇక నోరెత్తేవారు కాదు.

ఒకసారి అలా పక్కన కూర్చున్న పెద్దావిడ, కొడుకు దగ్గరికి గుంటూరు నుంచి వచ్చినావిడ. నెలల తరబడి పొత్తికడుపులో బాధ. డాక్టరు ముందు కొడుకే మాట్లాడేవాడు. ఆవిడ ఏదో నసిగితే, "జస్ట్ గ్యాస్, డాక్టర్" అని ఒక్క ముక్కలో తేల్చేసేవాడు. మనవాళ్ళకి గుండెపోటు నుంచి గుబులు దాకా అన్నీ గ్యాసే కదా. డాక్టరు మాత్రలు రాసేవాడు, కొడుకు మళ్ళీ ఆఫీస్ కాల్‌లో చేరిపోయేవాడు. ఆ రోజు అతను కార్ పార్క్ చేసి వచ్చేలోగా ఆవిడ మేడమ్‌కి అసలు సంగతి చెప్పేసింది. ముట్లుడిగిన ఇన్నేళ్ళకి మళ్ళీ రక్తం కనబడుతోందని. కొడుకు ముందు ఆ మాట ఏ తల్లి అంటుంది? గ్యాసని ఆవిడే అంది, కొడుకు నమ్మాడు, డాక్టరు రాసుకున్నాడు. తీరా చూస్తే క్యాన్సర్. ఆపరేషన్ చేశారు గానీ అప్పటికే ఆలస్యమైపోయింది.

ఆసుపత్రివాళ్ళు దానికి సాంస్కృతిక అవరోధమని పేరు పెట్టి స్లైడు మీదికి ఎక్కించారు. ఆ మీటింగ్ సంగతి మేడమే నాకు తర్వాత చెప్పారు. మా దగ్గర ఒక పెద్ద డాక్టరుగారు ఉన్నారు. తెలుగువాళ్ళందరి తరఫునా మాట్లాడే హక్కు ఆయనకి ఎవరిచ్చారో తెలియదు. "మన ఆడవాళ్ళు ఇలాంటివి చెప్పరండీ, మన కల్చర్ అంతే" అని ఆయన నిట్టూర్చారట.

"చెప్పరని ఎవరన్నారు డాక్టరుగారూ? నాకు చెప్పిందిగా" అన్నారట మేడమ్.

ఆయన కాఫీ తెచ్చుకోవడానికి లేచారు.

తర్వాత ఏళ్ళ తరబడి పోట్లాడి ఆవిడ సాధించింది ఒకే ఒక్క నియమం. మొదట కాసేపు గదిలో పేషెంటు, డాక్టరు, ఇంటర్‌ప్రెటర్ మాత్రమే ఉండాలి. ఇంట్లోవాళ్ళకి తలుపు బయట ఒక కుర్చీ. అది మన ఫ్యామిలీ సిస్టమ్‌కే అవమానమని పెద్ద డాక్టరుగారు సంతకాలు సేకరించారు. ఆసుపత్రి మాత్రం ఏటా వైవిధ్య దినోత్సవం జరిపి, సమోసాలు పంచి, నర్సుల చేతులకి మెహెందీ పెట్టించి, తన బాధ్యత తీరిందనుకునేది. ఆ రోజున మేడమ్ ఇంటి నుంచి పెరుగన్నం తెచ్చుకుని నా పక్కన కూర్చుని తినేవారు. "సమోసా పెట్టడం తేలికమ్మా. కుర్చీ బయట పెట్టమంటేనే ప్రాణం మీదికొస్తుంది వీళ్ళకి" అనేవారు.

నాకు పని నేర్పింది ఆవిడే. నేను పేషెంటు మాటని చక్కదిద్ది చెబితే కోప్పడేవారు. "నొప్పి ఆవిడది, చెప్పాల్సిందీ ఆవిడే. మధ్యలో నీ తెలివి చూపించకు." ఇంత సూటిగా నాతో మాట్లాడినవాళ్ళు ఈ దేశంలో ఇంకెవరూ లేరు. అందుకు ఆవిడకి రుణపడి ఉన్నాను.

సంతాప సభ ఆసుపత్రి ఆడిటోరియంలోనే పెట్టారు. అవే సమోసాలు. మేడమ్ తనకి సొంత చెల్లెలిలాంటిదని పెద్ద డాక్టరుగారు కళ్ళద్దాలు తీసి మరీ తుడుచుకున్నారు. చివర్లో మేనేజ్‌మెంట్ నుంచి ఒకావిడ మైకు పట్టుకుని, మేడమ్ స్ఫూర్తితో ఇకనుంచి కుటుంబాలకి స్వేచ్ఛ ఇస్తున్నామని ప్రకటించింది. ఇంట్లోవాళ్ళు గదిలో ఉండాలో వద్దో వాళ్ళే తేల్చుకోవచ్చట. అందరూ చప్పట్లు కొట్టారు. మేడమ్ ఫోటోకి దండ వేసిన చేతులతోనే ఆవిడ నియమానికీ వేసేశారు.

మరుసటి వారం ఒక గదిలోకి వెళ్ళేసరికి కుర్చీ లోపలే ఉంది. అందులో కొడుకు, ఒళ్ళో లాప్‌టాప్. పరీక్ష బల్ల పక్కన తల్లి, చీర మీద స్వెటర్, చూపు నేల మీద. డాక్టరు ఇంకా రాలేదు. "సింపుల్ గ్యాస్ ఇష్యూ అండీ. నేనే ఎక్స్‌ప్లెయిన్ చేస్తాను, మీరు వెయిట్ చెయ్యక్కర్లేదు" అన్నాడతను, తల ఎత్తకుండా.

కుర్చీలోంచి లెమ్మన్నాను. అర్థంకాక లేచాడు. కుర్చీ ఎత్తి తీసుకెళ్ళి తలుపు బయట, ఎప్పుడూ ఉండే చోట పెట్టాను.

"నేను ఆవిడ కొడుకుని" అన్నాడు.

"అందుకే" అన్నాను.

సూపర్‌వైజర్‌కి కంప్లైంట్ చేస్తానన్నాడు. చేస్తాడు కూడా. నా ఉద్యోగం ఎన్నాళ్ళుంటుందో తెలియదు. తలుపు వేసి వచ్చి ఆవిడ ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాను. గ్యాసేనమ్మా అందావిడ, నేను అడక్కుండానే. బ్యాడ్జి తీసి బ్యాగులో పడేశాను. సోంపు డబ్బీ తీసి ఆవిడ చేతిలో నాలుగు పలుకులు వేశాను.

"ఏ ఊరండీ మీది?"

ఊరి పేరు చెప్పింది. నేను ఊరుకున్నాను. ఆవిడ ఒకసారి తలుపు వైపు చూసింది. మూసే ఉంది. సోంపు నోట్లో వేసుకుని, కొంగు సర్దుకుని, నా వైపు కాస్త ముందుకి వంగింది.