పెన్సిల్ టిక్కు పెట్టిన కాగితం

మా కాలువ కట్ట వార్డుకు పాతికేళ్లుగా కౌన్సిలరు ఒక్కాయనే. అందరం పెద్దాయన అనేవాళ్లం. ఆ చలికాలం ఆయనకు మోకాళ్లు పట్టేశాయి. "ఇక నేను నిలబడనమ్మా, ఈసారి నువ్వే నిలబడు" అని మా వదినతో వాళ్లింటి వరండాలో అన్నాడు. పక్కనే నేనూ ఉన్నాను. వదినంటే సొంత వదిన కాదు, పక్కింటావిడ. మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్ల ముఠాకి మేస్త్రి. సంతకం తప్ప అక్షరం రాదు గానీ, ఏ ఇంటి కుళాయి రావట్లేదో, ఎవరికి పింఛను ఆగిపోయిందో అడక్కుండానే చెప్పేది. కౌన్సిలరు కావాలని ఆమెకు ఎన్నాళ్లుగానో ఆశ.

ఆ మాట విన్నప్పుడే నాకు అనుమానం వచ్చింది. పాతికేళ్లు కుర్చీ వదలని మనిషి మోకాళ్ల నొప్పికి వదులుతాడా? కానీ వదిన మొహంలో సంతోషం చూశాక అడగడానికి నోరు రాలేదు.

కొన్నాళ్లకి వార్డుల హద్దులు మార్చారు. కొత్త మ్యాపు మున్సిపల్ ఆఫీసు గోడకు అంటించారంటే వెళ్లి చూశాను. మా వార్డు గీత కాలువ దాటి అవతలి బజారుదాకా పోయింది. ఆ బజారంతా పెద్దాయన చుట్టాలే. అంతవరకూ మా వీధి ఓట్లు లేనిదే ఆయనకు గడిచేది కాదు. ఇక మాతో పని లేదు, పైగా మేమే అడ్డం. ఆ సంగతి గోడ దగ్గరే తట్టాల్సింది. నేనేమో పరుగెత్తుకొచ్చి, "ఇంకో బజారు కలిసింది వదినా, నీ గెలుపు ఖాయం" అన్నాను. నా తెలివి అలా తెల్లారింది.

ఆ వారంలోనే పెద్దాయన మనిషి నా దగ్గరికి కాగితాల కట్ట పట్టుకొచ్చాడు. "వార్డు మారింది కదండీ, కొత్త లిస్టులోకి మీ పేర్లు ఎక్కించాలి. మీ సంఘం వాళ్ల చేత సంతకాలు పెట్టించండి, మిగతాది మేం చూసుకుంటాం" అన్నాడు.

మా డ్వాక్రా సంఘంలో ఒక పద్ధతుంది. ఏ కాగితం వచ్చినా, లీడర్ని కాబట్టి, సంతకం పెట్టాల్సిన చోట నేను పెన్సిల్‌తో చిన్న టిక్కు పెడతాను. ఆ టిక్కు పక్కన సంతకమో వేలిముద్రో వేసేసి లేచిపోతారు. వాళ్లెవరూ చదవరు. ఇంటర్ దాకా చదువుకున్న నేను కూడా ఏళ్ల తరబడి చదవడం మానేశాను. ఆరోజు వదిన ముఠా పనిచేసే మిరప కల్లంలో, ఘాటుకి తుమ్ముకుంటూ, నవ్వుకుంటూ అరగంటలో పని ముగించాం. అందరికంటే ముందు వదిన సంతకం పెట్టింది.

పది రోజులకు ఒక ఉద్యోగి ఆ కాగితాలతో ఇంటింటికీ వచ్చాడు. "ఈ సంతకం మీదేనా?" అని ఒక్క ముక్క అడిగేవాడు. మావాళ్లు గర్వంగా "మాదేనండి" అనేవాళ్లు. టిక్కు కొట్టుకుని పక్కింటికి పోయేవాడు. ఎవరి మొహంలోకీ చూడలేదు. నేనేమో గ్లాసుడు మజ్జిగిచ్చి పంపించాను.

నామినేషన్లకు ఆఖరి రోజు వదిన తన నామినేషన్ వేసి బయటికొస్తుంటే, పెద్దాయన కోడలు దండలతో లోపలికొచ్చింది. ఆయన మోకాళ్లు ఆరోజు బాగానే నడిచాయి. వదిన మొహం పాలిపోయింది. అంతలోనే తేరుకుని, "పోనీలే, మన వీధి మనకుందిగా" అంది.

మర్నాడు నామినేషన్ల పరిశీలన. ఆఫీసరు జాబితా రెండుసార్లు తిరగేసి, "మీ పేరు లేదమ్మా. ఈ ఊళ్లో ఓటు లేనివాళ్లు పోటీ చేయడానికి వీల్లేదు" అన్నాడు.

"కొత్త లిస్టులో ఎక్కించమని సంతకం కూడా పెట్టానండి" అంది వదిన.

"ఎక్కించమని కాదు, తీసేయమని పెట్టారు" అంటూ ఆయన కాగితం మా ముందుకు జరిపాడు. నా పేరును ఓటర్ల జాబితా నుంచి తొలగించవలసిందిగా కోరుతున్నాను అని శుభ్రంగా అచ్చయి ఉంది. కింద వదిన సంతకం, పక్కనే నా టిక్కు. మా సంఘం కాగితాలన్నీ అవే.

పోటీలో ఇక కోడలొక్కతే మిగిలింది. ఏకగ్రీవమన్నారు. కాలువ అవతల టపాసులు పేలుతుంటే ఇద్దరం ఇంటికి నడిచాం. దారి పొడవునా పెద్దాయన్ని తిడుతూనే ఉన్నాను. కోర్టుకెళ్దామన్నాను, ఊరంతా చాటుదామన్నాను. వదిన వాళ్ల గుమ్మం దగ్గర ఆగి నా వైపు తిరిగింది.

"ఆ కాగితం తెలుగులోనే ఉందా?"

"ఆఁ" అన్నాను.

"మాకు చదవడం రాదనే కదే, నీ టిక్కు చూసి సంతకం పెట్టాం."